పందుల అధికారి

ఎబెన్ థ్రాల్ ఆ రోజు సభకు ఆలస్యంగా వచ్చాడు. పంతొమ్మిదేళ్లుగా మా ఊరి సభ నడిపేది ఆయనే. ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

"పోస్టాఫీసు దాకా వెళ్లాను. దారంతా మంచు," అన్నాడు. కోటు విప్పలేదు. ఎడమచేత్తో సుత్తి తీసి బల్ల మీద కొట్టాడు.

అమెరికాలో ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం మొదలై మూడేళ్లవుతోంది. వెర్మాంట్ కొండల్లో చిన్న ఊరు మాది, వెస్ట్ హార్లో. ఇంకో తొమ్మిదిమంది కుర్రాళ్లను పంపమని పైనుంచి కబురొచ్చింది. పంపాలా వద్దా, ఆ రోజు తేలాలి. ఊరు రెండుగా చీలి ఉంది.

ముందు చిల్లర పదవులు. ఆ ఏడు పెళ్లయినవాణ్ణి పందుల అధికారిగా ఎన్నుకోవడం మా ఊరి వేళాకోళం. వీధిన పడ్డ పందులను పట్టడం వాడి పని.

"లైమన్ థ్రాల్!" అని అరిచాడు మిల్లు హైరమ్. "సెలవు మీదొచ్చి పెళ్లాడి, పందులకు భయపడి మళ్లీ యుద్ధానికి పారిపోయాడు. వదుల్తామా?"

సభంతా ఘొల్లుమంది. వెనక, సభకొచ్చినవాళ్ల కోసం వండిన చిక్కుడుగింజల కుండ దగ్గర లైమన్ పెళ్లాం ఓర్ఫా మొహం దాచుకుని నవ్వింది.

"ఏం బాబాయ్, నీ కొడుకు ఒప్పుకుంటాడా?" అని ఎబెన్‌ను అడిగాడు హైరమ్.

ఎబెన్ పద్దు రాసే గుమాస్తా వైపు తిరిగాడు.

"ఊరు ఇచ్చింది వాడెప్పుడూ కాదన్లేదు. రాసుకోండి."

మళ్లీ నవ్వారు.

తరవాత అసలు సంగతి. రెండు గంటలు అరుచుకున్నారు.

"నాకున్నది ఒక్కడు. ఇవ్వను," అన్నాడు కమ్మరి జేబెజ్.

"అందరూ అలాగే అంటే ఈ దేశం ఎవడిదిరా?"

చివరికి హైరమ్ లేచాడు. "బాబాయ్, నీవాడు అక్కడే ఉన్నాడు. నీకు తెలిసినంత మాకేం తెలుసు? ఒక్క మాట చెప్పు. నువ్వెటంటే మేమటే."

ఎబెన్ కుడిచెయ్యి కోటు జేబులోంచి రాలేదు.

"సుత్తి పట్టినవాడికి నోరుండదు. మా ఇల్లు చూసి చెయ్యెత్తకండి. ఊరిని చూసి ఎత్తండి."

"రాయిరా ఈ ముసలాడు," అన్నారెవరో.

చేతులు లెక్కపెట్టారు. పంపుదామని ముప్ఫైనాలుగు, వద్దని ముప్ఫైఒకటి. జేబెజ్ టోపీ నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు.

జనం కదిలారు. ఎబెన్ పొయ్యి ఆర్పాడు. ఓర్ఫా కుండ కడిగి వచ్చింది.

"మామయ్యా, పందుల అధికారి గారికి ఇవాళే ఉత్తరం రాస్తాను," అంది నవ్వుతూ.

ఎబెన్ అప్పుడు కుడిచెయ్యి బయటికి తీసి, పొద్దున్న పోస్టాఫీసులో చదివిన లైమన్ చావుకబురు ఆమె చేతిలో పెట్టాడు.