పద్నాలుగు హద్దు రాళ్లు

“ఈ ఫోటో నువ్వు పెట్టిందేనా చిన్నాయనా?”

హిమజ గడప దగ్గరే నిలబడి చేతిలోని కాగితం మడత విప్పింది. కోదండరామి కాగితం కంటే ముందు ఆమె ముఖం చూశాడు. నాలుగేళ్లయింది చూసి. అచ్చం వాళ్ల నాయన నెట్టికంటప్పే. చనిపోయిన స్నేహితుడే వచ్చి వాకిట్లో నిలబడినట్టనిపించింది.

“నాదేనమ్మా. నీకు యాడ దొరికింది?”

“నెట్‌లో. కుడతిని పవర్ ప్లాంటు కాడ ఒక కాంట్రాక్టరు ఆఫీసులో టైపింగు చేస్తాండా. అన్నం తింటా చూస్తాంటే మా కొండ కనపడింది. ఇంక ముద్ద దిగలేదు.”

వంటింట్లోంచి అతని భార్య ఓబులమ్మ తొంగిచూసింది. ఆ పిల్లను గుర్తుపట్టగానే ఆమె ముఖం వాడిపోయింది. “కూర్చో తల్లీ” అంది గానీ చాప వెయ్యడం మరిచిపోయింది.

కోదండరామికి పాత పనిముట్లంటే పిచ్చి. కౌల్ బజార్ పాత ఇనుప దుకాణాల్లో తుప్పు పట్టిన ఉలి, పిడి లేని బాడిస, తాడుతో తిప్పి చెక్కకు చిల్లులు వేసే బర్మా, ఏది కనిపించినా ఇంటికి తెచ్చుకుంటాడు. నూనె రాసి, పదును పెట్టి, వాటితోనే చిన్న చిన్న నమూనాలు చెక్కుతాడు. జానెడు ఎద్దులబండి, అగ్గిపెట్టెలో పట్టే నాగలి. వాటిని ఫోటోలు తీసి బ్లాగులో పెట్టి, ఏ పనిముట్టును ఎలా పట్టుకోవాలో కింద నాలుగు ముక్కలు రాస్తాడు. కోలారు నుంచి ఒక టీచరమ్మ, పూణే నుంచి ఒక పెద్దాయన మెచ్చుకుంటూ జవాబులు రాస్తుంటారు.

అంతకు ముందు అతను గని కంపెనీ షెడ్డులో లారీలకు బాడీలు కట్టేవాడు. చైనాకు ఇనుప మట్టి అమ్మి ఊరంతా టిప్పర్లు కొంటున్న రోజుల్లో ఉన్నట్టుండి పని మానేశాడు. అడిగినవాళ్లకు నడుం నొప్పి అన్నాడు. నమూనాలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

పోయిన వారం పెట్టింది కొండ. మంచమంత చెక్క మీద ఎర్రమట్టి మెత్తి చేశాడు. కొండ కింద నెట్టికంటప్ప ఎనిమిదెకరాల శెనగ చేను, బావి. కొండకూ చేనుకూ మధ్య, బలపం రాయితో చెక్కి నిలబెట్టిన పద్నాలుగు హద్దు రాళ్లు. ఇప్పుడక్కడ కొండ సగమే ఉంది. చేను ఉన్నచోట కంపెనీ తవ్విన తాటిచెట్టంత లోతు గొయ్యి ఉంది.

“కంపెనీ మీద నాయన వేసిన కేసు మళ్లీ తెరుస్తారంట చిన్నాయనా” అంది హిమజ. “సర్వే ఆఫీసులో మా చేని మ్యాపు కనపడ్ల. ఊర్లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో చోటు చూపిస్తాండారు. నువ్వు మాత్రం పద్నాలుగూ పెట్టినావు. వకీలప్ప ఈ ఫోటో చూసి, ఈయన్ని తోలుకరామ్మా అన్నాడు. కోర్టుకొచ్చి చెప్తావా?”

“వద్దు తల్లీ” ఓబులమ్మ అడ్డొచ్చింది. “కంపెనీ వాళ్లు ఎట్లాంటోళ్లో తెలీదా? మీ నాయన ఎదురు తిరిగి ఏమైనాడు?”

“తెలుసు చిన్నమ్మా. రాళ్లే లేవు, ఇంక హద్దు యాడిది అన్నారు కోర్టులో. ఆ సాయంత్రమే చేన్లోకి పోయి పురుగుల మందు తాగినాడు. మోసుకొచ్చినోళ్లలో చిన్నాయన గూడా ఉండె.”

కోదండరామి కిటికీలోంచి వీధిలోకి చూశాడు. “వస్తా” అన్నాడు.

“నీకు మతి ఉండాదా?” అంది ఓబులమ్మ.

“వస్తానంటాండా కదా.”

హిమజ కళ్లు తుడుచుకుంది. “అవతలి వకీలు అడుగుతాడు, నీకెట్ల తెలుసని. ఏం చెప్తావు?”

“మీ నాయనే చూపించినాడు. ఒకరోజు పొద్దున్నే తోలుకపోయి, ఒక్కో రాయి కాడ నిలబెట్టి చూపించినాడు. ‘నాకేమన్నా అయితే నీకన్నా తెలిసుండాలప్పా’ అన్నాడు.”

“ఊర్లో అంతమంది ఉంటే నిన్నే నమ్మినాడు” అంటూ ఆమె వంగి అతని కాళ్లు పట్టుకోబోయింది. నిప్పు తగిలినట్టు కోదండరామి వెనక్కి జరిగాడు.

హిమజ లేచి, గది మూలనున్న కొండ నమూనా దగ్గరికి వెళ్లింది. తండ్రి నడిచిన గట్టు మీద వేలితో మెల్లగా నిమిరింది. చెయ్యి తగిలి ఒక రాయి కదిలింది. పట్టుకుని లాగితే పూర్తిగా ఊడి వచ్చింది. పైన కనిపించేది గోరంతే. మట్టిలో ఉన్నది దానికి రెండింతలు, ముల్లంగి మాదిరి వంకర తిరిగి, ఒక పక్క పెచ్చు లేచి ఉంది. ఆమె ఇంకో రాయి లాగింది. దాని అడుగు చదరంగా ఉంది. మూడోది మధ్యలో చీలి ఉంది. ఏ రెండూ ఒకలా లేవు.

“చిన్నాయనా, ఇవి తెల్లదొరల కాలంలో పాతిన రాళ్లు” అందామె నెమ్మదిగా. “మా తాత గూడా పైన కనపడే మూరెడే చూసినాడు. భూమి లోపలిది ఎట్లుంటుందో నీకెవరు చెప్పినారు?”

“వద్దయ్యా, చెప్పొద్దు” అంటూ ఓబులమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది.

కోదండరామి తన రెండు చేతులూ చూసుకున్నాడు.

“పీకింది నేనే, తల్లీ.”