ఒక్క కోతీ లేని ఫోటో

"ఒక్క కోతి కనవడ్డా ఆ ఫోటో నాకొద్దు తమ్మీ. పైసలు గూడ అడగొద్దు" అన్నాడు సదానందం, డాబా వైపు చెయ్యి చూపిస్తూ.

రాజమౌళి తలెత్తి చూశాడు. ఒక్క కోతేం ఖర్మ, డాబా మీద కోతుల సంతే జరుగుతోంది. నీళ్ల ట్యాంకు మీద కొన్ని, పిట్టగోడ మీద కొన్ని. వాటిని భయపెట్టడానికని సదానందం కొని పెట్టిన పులిబొమ్మ మీద ఓ పిల్లకోతి దర్జాగా కూర్చుని దాని చెవి కొరుకుతోంది.

"అవి పోయినంక తీద్దాం సార్."

"అవి పోతయా? పోతే గీ పులినెందుకు కొంట? నువ్వే ఎట్లనో చెయ్యి. ఫోటోల కోతులుంటే హనుమకొండల ఎవడన్న ఇల్లు కొంటడా?"

రాజమౌళి వారమంతా ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఆదివారాలు అమ్మకానికున్న ఇళ్లనీ ప్లాట్లనీ పైనుంచి ఫోటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదిద్దామని డ్రోన్ కొన్నాడు. కొన్ననాటి నుంచి అది గాల్లో ఎగిరింది తక్కువ, బీరువా మీద కూర్చున్నది ఎక్కువ. ఇన్నాళ్లకి దొరికిన మొదటి పని ఇది. "ఇది గూడ కాకపోతే దాన్ని అమ్మేద్దాం, నీ సోకు తీరుతది" అని పొద్దున్నే తేల్చి చెప్పింది భార్య దీప. ఆ మాటకే అతనికి సగం ప్రాణం పోయింది.

సదానందం భార్య ప్రేమలత బయటికొచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి నుదుటి దగ్గర దండం.

"నీకు దండం పెడ్త ఆంజనేయస్వామీ, జర పక్కకు జరుగు నాయినా" అంటూ కర్ర నేలకేసి కొట్టింది.

గుంపుకి పెద్దయిన గండుకోతి ఆవిడ వైపు చూసి ఆవలించింది. దండమే నిజం, కర్ర ఉత్తదేనని దానికెప్పుడో తెలిసిపోయింది.

సదానందం పటాకుల లడీ అంటించాడు. వీధిలో కుక్కలన్నీ తోక ముడిచి పారిపోయాయి. కోతులు మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు.

ఇక ఇలా కాదనుకున్నాడు రాజమౌళి. కోతులు లేని మూలలు చూసుకుని తీసుకుందామని డ్రోన్ లేపాడు. అది జుయ్యిమంటూ డాబా ఎత్తుకి వెళ్లిందో లేదో, గండుకోతి లేచి నిలబడింది. పళ్లు బయటపెట్టి, ముందుకు వంగింది.

"తమ్మీ, అది దుంకుతది! నీ మిషిని పాయె!" అరిచాడు సదానందం.

రాజమౌళి డ్రోన్‌ని పైకి లేపాలనుకున్నాడు. కంగారులో వేలు వేరే మీట మీద పడింది. పైకి పోవాల్సిన డ్రోన్ కాస్తా నేరుగా గండుకోతి మొహం మీదికి దూసుకెళ్లింది.

గండుకోతి కెవ్వుమంది. వెనక్కి తిరిగి ఒక్క గెంతులో పిట్టగోడ దాటింది. అంత పెద్దదే పారిపోయాక మిగతావి ఆగుతాయా? గుంపంతా దాని వెనకే ఉరికి, పక్కింటి మొగిలమ్మ రేకుల మీద దబదబా పడింది. చూస్తుండగానే డాబా ఖాళీ.

డ్రోన్‌కి గీత కూడా పడలేదు. రాజమౌళి ఊపిరి పీల్చుకుని తీరిగ్గా ఫోటోలు తీశాడు. ఎండలో మెరిసే ఇల్లు, పెరట్లో జామచెట్టు, వెనకాల పద్మాక్షి గుట్ట. తీసింది తనేనా అని తనకే ముచ్చటేసింది.

ఫోన్లో చూపించాడు. ప్రేమలత చూసి, తలెత్తి ఇంటి వైపు చూసి, "ఎంత మంచిగున్నదయ్యా మన ఇల్లు!" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. సదానందం బ్రోకరుకి ఫోన్ కలిపాడు.

"ఎల్లస్వామీ, పార్టీని తీస్కరాకు. ఇల్లు అమ్ముత లేం. ఆఁ, పక్కా."

రాజమౌళి ఫోన్లో ఫోటోలు మళ్లీ తిప్పి చూసుకున్నాడు.

"ఫోటోలల్ల ఏమన్న తక్కువైందా సార్?"

"తక్కువేం లేదు తమ్మీ, మస్తుగున్నయ్" అని సదానందం లోపలికి వెళ్లిపోయాడు. వెనకే ప్రేమలత కూడా వెళ్లింది. లోపల ఇద్దరూ గుసగుసలాడుకోవడం వినిపిస్తోంది.

రాజమౌళికి సంగతి అర్థమైంది. ఫోటో మరీ బాగా రావడమే కొంప ముంచింది. అంత అందంగా కనపడ్డాక ఆ తల్లికి ఇల్లు అమ్మబుద్ధి ఎట్లా అవుతుంది? కాస్త వంకరగా తీసినా బేరం నిలిచేది, తన డ్రోనూ నిలిచేది. అతనికి ఏడుపొక్కటే తక్కువ. డ్రోన్ పెట్టెలో సర్దుతూ, దీన్నెవరు కొంటారా అని ఆలోచనలో పడ్డాడు.

అంతలో గోడ అవతలి నుంచి మొగిలమ్మ గొంతు ఖంగుమంది.

"ఏ పిలగా! కోతులన్నిట్ని నా రేకుల మీదికి తోలి ఏడికి పోతానవ్? ఆడనే ఆగు, నేనే వత్తాన!"

ఇక తన్నులు కూడా తప్పవనుకుని రాజమౌళి గబగబా బండి స్టార్ట్ చేశాడు. సదానందం లోపల్నుంచి ఉరికొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఎటు ఉరుకుతానవ్ తమ్మీ? మొగిలమ్మక్క గూడ నీతోని బేరం మాట్లాడనీకే వత్తాందట, గిప్పుడే ఫోన్ జేసింది. రేపటి సంది రోజు పొద్దుగాల, మాపటీలి నీ మిషిన్ని మా డాబా మీద ఓసారి తిప్పిపో, నెల జీతమిస్తం. ఈ కోతులతోని ఏగలేకనే గదా మేం ఇల్లు అమ్మజూసింది!"