హులిగెమ్మ తెచ్చిన రోగి

“తేళ్ళు! గోడ నిండా తేళ్ళమ్మా!” అంటూ అయ్యన్న మంచం మీంచి దూకబోయాడు. హులిగెమ్మ అతన్ని రెండు చేతులా ఒడిసి పట్టుకుంది.

“ఏమీ ల్యావు నాయనా. సున్నం పెచ్చులవి. చూడు, నేను చెయ్యి పెడతాండా.”

డాక్టర్ దావీదురాజు సూదిమందు వేశాడు. కాసేపటికి వణుకు తగ్గి అయ్యన్న కళ్ళు మూశాడు.

మద్రాసులో మనోవ్యాధుల చదువు చదివిన దావీదురాజు, కర్నూలు రాజధాని అయిన ఏడే ఈ ఆసుపత్రికి వచ్చాడు. తాగుడూ ఒక జబ్బేనని అతనంటే తోటి డాక్టర్లు నవ్వేవారు. “మద్యనిషేధం ఉన్నచోట తాగినోడికి జైలప్పా, ఆసుపత్రి కాదు” అనేవారు. పోరగా పోరగా వరండా చివర రెండు మంచాలు ఇచ్చారు. వాటి మీదికి వచ్చిన మొదటి రోగి అయ్యన్న. నాటుసారా తాగి తుంగభద్ర ఇసుకలో పడివుంటే హులిగెమ్మే ఎద్దులబండిలో వేసుకొచ్చింది.

“ఎప్పటి నుంచి తాగుతున్నాడమ్మా?”

“పోయినేటి నుంచి సామీ. బస్సు తోలుతాండె. శానా నెమ్మదస్తుడు. నందికొట్కూరు దావలో ఒక పిల్లోడు అడ్డం పరిగెత్తినాడు. బస్సు ఆగల్యా.” హులిగెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఈయప్ప తప్పు లేదని కోర్టోళ్ళు గూడా చెప్పినారు. అయినా కన్ను మూస్తే ఆ పిల్లోడే కనపడతాడంట.”

“ఆ మాట అతను తన నోటితో చెప్పుకోవాలమ్మా. లోపల చీము ఉండగా పైన ఎంత మందు రాసినా పుండు మానదు.”

“చెప్పిస్తా సామీ. ఒకరు పోయింది చాలు. ఈయప్ప గూడా పోకూడదు.”

రోజూ ఆమె సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి తెచ్చేది. అయ్యన్న ఆమె ముఖంలోకి చూడలేక తల వంచుకుని తినేవాడు. తాగుబోతుకు తల్లి ముందు ఆ సిగ్గు ఉండేదే అనుకున్నాడు డాక్టరు.

ఒకనాడు ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. అయ్యన్న చెప్పడం మొదలుపెట్టాడు. మలుపు, దుమ్ము, బ్రేకు మీద కాలు, చిన్న కేక... అంతా చెప్పి హులిగెమ్మ కాళ్ళ మీద పడిపోయాడు.

“నన్ను మన్నించమ్మా!”

ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. తర్వాత అతని తల ఒళ్ళోకి తీసుకుని, గొంతు విడిచి ఏడ్చింది. దావీదురాజు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ పక్కకు తిరిగాడు.

ఆ తర్వాత అయ్యన్నకు నిద్ర పట్టసాగింది. ఒళ్ళు కుదుటపడింది. సారా మాట మరిచాడు. ఇంటికి పంపేనాడు డాక్టరు హులిగెమ్మకు చేతులు జోడించాడు.

“నా మందు చేసింది కొంచెమేనమ్మా. ఇంకొకరైతే ఎప్పుడో విడిచిపెట్టేవాళ్ళు. కన్నతల్లివి గనక ఓర్చుకున్నావు. ఇక నీ కొడుకును ఇంటికి తీసుకుపో.”

హులిగెమ్మ అయ్యన్న భుజం మీది తువ్వాలు సర్ది, డాక్టరు వైపు తిరిగింది.

“నా కొడుకు ఆ బస్సు కిందనే పోయినాడు సామీ.”