పాతకారు బేరగాడు

"అమ్మను," అన్నాడు స్టేషన్ మాస్టరు, ఆ మనిషి నోరు తెరవకముందే.

"అది కాదు మాస్టారూ..."

"ఎంతిచ్చినా అమ్మను."

ఆ మనిషి టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. ఇంటి ముందు వీధిలో నిలిపిన పాతకారును ఎగాదిగా చూశాడు.

"వెనక చక్రాలకి కూడా డిస్కు బ్రేకులు వేయించారు. మరి హ్యాండ్ బ్రేకు దేనికి తగిలించారు?"

"చూశావా మేస్త్రీ? మొదలెట్టాడు!"

చక్రం దగ్గర గొంతుక్కూర్చున్న మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. పాతకార్ల లోకంలో అందరికీ తెలిసిన విద్యే ఇది. కొనేవాడు ఎప్పుడూ పొగడడు. తలుపు వంకర, రంగు వెలిసింది, పొగ కక్కుతోంది అంటూ మేకను కుక్కను చేసి, చివరికి కుక్క ధరకే తోలుకుపోతాడు.

టోపీ మనిషి నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

రిటైరైన మాస్టరుకు ఆ కారంటే పంచప్రాణాలు. ముప్పై అయిదేళ్ళు జెండా ఊపి రైళ్ళను ఆపిన మనిషి, సొంత కారును మాత్రం ఆపలేకపోయాడు. పాత డ్రమ్ము బ్రేకులు మందుల షాపు ముందు తొక్కితే పాలకొట్టు ముందు పట్టేవి. "బావగారి కారులో ఎక్కేముందే కాదు, దిగేముందూ దణ్ణం పెట్టుకోవాలి" అని మరదలు ఊరంతా చాటింది. ఆయన భార్య అయితే రెండేళ్ళుగా ఆ కారు మొహం చూడలేదు. చెల్లెలింటికి బస్సులోనే వెళ్తోంది.

"ఆపమన్నచోట ఆగిన రోజు ఎక్కుతాను," అంది ఆవిడ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కారును పాతకార్ల ప్రదర్శనకు తీసుకెళ్ళే మాట తర్వాత, ముందు ఆవిడ ఎక్కాలి. అందుకే మాస్టరు నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు తెప్పించాడు.

అంతా బాగానే కుదిరింది, ఒక్కటి తప్ప. పాత హ్యాండ్ బ్రేకు తీగ వెనక డ్రమ్ములను పట్టేది. డ్రమ్ములు ఊడబీకేసరికి దానికి పట్టుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. డిస్కులకు సరిపడే హ్యాండ్ బ్రేకు సామాను వేరే పెట్టెలో రావాలి. అది నెలకు గానీ రాదు.

"అందాకా గేరులో పెట్టి ఆపండి సార్. లివరు లాగినా ఉత్తదే," అన్నాడు మేస్త్రీ.

"నాకు చెప్పాలా?" అన్నాడు మాస్టరు.

మర్నాడు టోపీ మనిషి మళ్ళీ వచ్చాడు.

"మాస్టారూ, వీధి చూడబోతే ఏటవాలు. మీ కారేమో..."

"ఓహో, ఇప్పుడు వీధి కూడా బాగాలేదా? ధర తగ్గించడానికి వీధికి వంక పెట్టినవాళ్ళలో మీరే మొదటివారు!"

"కనీసం చక్రం కింద ఓ రాయి..."

"రాయి పెడితే కదలని కారని ప్రచారం చేద్దామనా?"

లోపలి నుంచి భార్య తొంగిచూసింది.

"ఆయన చెప్పేది కాస్త వినొచ్చుగా? స్టేషన్లో ఖాళీ పెట్టెను వదిలినా గొలుసు కట్టించి, చక్రం కింద చెక్క పెట్టించిన మనిషి మీరు."

"అది గవర్నమెంటుది. ఇది నాది, నా మాట వింటుంది."

మూడోసారి ఆయన వచ్చేసరికి గేటుకు అట్టముక్క వేలాడుతోంది. 'ఈ కారు అమ్మకానికి లేదు.' టోపీ మనిషి దాన్ని రెండుసార్లు చదివి, వీధి దిగువకు నడిచిపోయాడు.

"దెబ్బకి దెయ్యం వదిలింది," అన్నాడు మాస్టరు.

ఆదివారం పొద్దున ఆవిడ కారెక్కింది. మాస్టరు నాలుగు వీధులు తిప్పి, ఎగువ నుంచి వచ్చి సరిగ్గా గేటు ముందు బ్రేకు తొక్కాడు.

కారు ఆగింది. అంగుళం జరగలేదు.

"ఆగిందే!" అంది ఆవిడ. రెండేళ్ళ తర్వాత ఆ కారులో ఆవిడ నవ్వింది. "సరే, చెల్లెలింటికి పోనివ్వండి."

మాస్టరుకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంటికి తాళం వేసొస్తానని దిగాడు. ఇంజను ఆడుతూనే ఉంది. కారు న్యూట్రల్లో ఉంది. అలవాటుపడ్డ చెయ్యి హ్యాండ్ బ్రేకు లాగింది కదా, ఇంకేం కావాలి?

తాళం తిప్పుతుండగా భార్య గొంతు వినిపించింది.

"ఏమండీ, మీరు ఎక్కకుండానే బయల్దేరిందేమిటి?"

వెనక్కి తిరిగేసరికి కారు గేటు ముందు లేదు. నాలుగిళ్ళ అవతల ఉంది.

మాస్టరు పరుగెత్తాడు. చెప్పులు ఊడిపోయాయి. చేతులు రెండూ పైకెత్తి ఊపాడు. అలా ఊపితే రైళ్ళు ఆగేవి, కారు ఆగలేదు. కారు పోతే పోయింది, లోపల తన మనిషి ఉంది. ఆ క్షణంలో ఆయనకు డిస్కులూ వద్దు, ప్రదర్శనా వద్దు, ఆవిడ బతికి బయటపడితే చాలు.

వీధి అడుగున, నిన్నమొన్నటిదాకా తాళం వేసి ఉన్న ఇంటి ముందు, లారీడు ఇసుక పోసి ఉంది. కారు తిన్నగా వెళ్ళి ఇసుకలో ముక్కు దూర్చి, మెత్తగా ఆగిపోయింది.

ఆవిడ దిగి బట్టలు దులుపుకుంది.

"ఆగింది గానీ, ఆపమన్నచోట కాదు," అంది, మొగుడి చెయ్యి పట్టుకుని.

ఆ ఇంట్లోంచి టోపీ మనిషి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి ఆవిడకు అందించాడు.

మాస్టరు రొప్పుతూ రెండు చేతులూ జోడించాడు.

"ఇక అమ్మనని అనను. మీరడిగిన ధరకే తీసుకుపోండి బాబూ!"

"నేను బేరానికి రాలేదు మాస్టారూ, పదిరోజుల కిందటే ఈ ఇంట్లో దిగాను, మీరు వినేలా లేరని మొన్న ఈ ఇసుక నేనే తోలించాను," అన్నాడాయన.