కుదరని ర్యామ్

“ఇదీ కుదరదు మాస్టారూ,” అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే వాగ్నర్, ర్యామ్ ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకేసి చూపిస్తూ. “ఈ గాటు చూడండి. మీ బోర్డులో ఇది కూర్చునే చోట బొడిపె ఇక్కడుంది. దీని గాటేమో గోరంత పక్కకుంది. బలవంతంగా తోస్తే రెండూ పోతాయి.”

లిసాండ్రో మాస్టారు కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. మూడు వారాల్లో ఆయన తెచ్చిన నాలుగో ముక్క అది. మొదటిది ల్యాప్‌టాప్‌ది, పొట్టిగా ఉంది. రెండోది సర్వర్లలో వాడేది, కూర్చున్నా ఈ బోర్డు దాన్ని గుర్తించదు. మూడోదానికి గాటు, పొడవు, వేగం అన్నీ సరిపోయాయి. కానీ అది నాలుగు గిగాల ముక్క, ఆ పాత బోర్డు అంత మోయలేదని వాగ్నర్ తేల్చేశాడు. అడవి మధ్యనున్న ఇకితోస్ ఊరికి రోడ్డు లేదు, గుండుసూదైనా పడవలోనో విమానంలోనో రావాలి. అలాంటి ఊళ్లో పదిహేనేళ్ల నాటి కంప్యూటర్‌కి ర్యామ్ వెతకడమంటే మాటలు కాదు.

“పోనీ పాతదానితోనే ఒక్కసారి ఆన్ చెయ్యి నాయనా. నత్తలా నడిచినా పర్లేదు. ఓ పది మాటలు రాసుకుని పోతాను.”

“వద్దండీ. ఆ పాత ముక్క పాడైంది. దానితో నడిపితే డిస్కుకే ముప్పు.”

మాస్టారు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆయన బతుకంతా ఆ డిస్కులోనే ఉంది. ఇరవై రెండేళ్లు నది ఎగువన ఊరూరా తిరిగి తమ అమ్మమ్మల భాషను మాట మాటగా ఏరి తెచ్చారాయన. మొత్తం తొమ్మిది వేల మాటలు, ఒక్కో మాట పక్కన దాన్ని పలికిన ముసలివాళ్ల గొంతు. మొదట నోటు పుస్తకాల్లోనే రాసుకున్నారు. కొన్ని చెదలు తిన్నాయి, మిగతావి వరద పట్టుకుపోయింది. అందుకే కంప్యూటర్లోకి ఎక్కించారు. గొంతులు పెరిగేకొద్దీ అది మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మెమరీ పెంచితే చాలని ఎవరో చెబితే, తన దగ్గర నాలుగో తరగతి చదివిన వాగ్నర్ కొట్టుకి తెచ్చి అప్పగించి వెళ్లారు.

“ఇంకెక్కడా కాపీ లేదా మాస్టారూ?” అన్నాడు వాగ్నర్.

“వచ్చినప్పుడల్లా అదే అడుగుతావేం? ఓ పెన్‌డ్రైవ్ ఉండేదని చెప్పాగా, తుప్పు పట్టింది. ఈ తేమకి ఇనుమే ఆగదు, అదెంత!” మాస్టారు గొంతు తగ్గించారు. “ఎగువ ఊరి బడికి పుస్తకం వేస్తున్నారయ్యా. శుక్రవారం పడవకి మాటలు పంపాలి. పన్నెండుమంది పిల్లలు. వాళ్ల ఇళ్లల్లో ఆ భాష పలికేవాళ్లు లేరు. ఆ భాష వచ్చిన రోసా చిన్నమ్మ కూడా పోయిన ఆగస్టులో కన్నుమూసింది. నేను పంపకపోతే ఇంకెవరు పంపుతారు?”

వాగ్నర్ ఆ ముక్కను తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. ఈ మూడు వారాల్లో వాగ్నర్ చిక్కి సగమయ్యాడు. మాస్టారు ఆకులో చుట్టి తెచ్చిన హువానే అన్నం ముద్ద బల్ల మీద విప్పకుండానే ఉంది.

అంతలో మోటార్ రిక్షా నడిపే జార్లీ ఒక ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. “బావా, దీనికి జబ్బు చేసింది. డిస్కు మొత్తం తుడిచేసి అన్నీ కొత్తగా ఎక్కించు. బజార్లో మందులమ్మే అవ్వ అన్ని రోగాలకీ ఒకే సీసా ఇచ్చినట్టు, మీ రిపేరు కొట్ల వీధిలో అన్నింటికీ అదేగా మందు!”

“లోపల దాచుకోవాల్సినవేమైనా ఉన్నాయా?”

“ఏముంటాయి? పాటలు.”

“ఫోటోలు?”

“లేవు.”

“ఇంట్లో అడిగి రా. మీ అమ్మనీ అడుగు.”

“ఇదేంటి బావా, పిల్లనిచ్చేవాడిలా ఇన్ని ప్రశ్నలు! ఇంతకుముందు ఎప్పుడైనా అడిగావా?”

“పద్ధతంటే అదిరా జార్లీ,” అన్నారు మాస్టారు. “ఇంకొకడైతే నాకు ఏదో ఒక ముక్క దూర్చి పంపేసేవాడు. వీడు చూడు, గాటు కొలిచి, నంబరు చదివి, తప్పుంటే తప్పని మొహం మీదే చెబుతాడు. వీడికి చదువు చెప్పినందుకు నేను సిగ్గుపడాల్సిన పని లేదు.”

వాగ్నర్ తల వంచుకుని మరలు బిగిస్తూ ఉండిపోయాడు.

గురువారం పొద్దున మాస్టారు మళ్లీ వచ్చారు. చేతిరుమాలు మడతలు విప్పి ఒక ముక్కను బల్ల మీద పెట్టారు. ఊరి చివర పాత ఇనప సామాన్ల గుట్టలో దొరికిందట. వాగ్నర్ రాసిచ్చిన చీటీ పక్కన పెట్టుకుని, దాని మీది అంకెలన్నీ ఒక్కొక్కటిగా సరిచూసుకునే తెచ్చానన్నారు.

వాగ్నర్ పొడవు చూశాడు. గాటు చూశాడు. రెండు గిగాలు. వేగం అదే, వోల్టేజీ అదే. మళ్లీ మొదటి నుంచి చూశాడు. రబ్బరుతో బంగారు రంగు పళ్లను రుద్దాడు. మూడోసారి భూతద్దం తీశాడు.

“ఏమైనా తేడా ఉందా?” అడిగారు మాస్టారు.

“లేదు మాస్టారూ. కుదిరింది.”

ముక్కను బోర్డులో పెట్టి నొక్కాడు. రెండు వైపులా కొక్కేలు టక్కుమని పడ్డాయి.

మాస్టారికి కళ్లనీళ్లు ఆగలేదు. స్టూలు ముందుకు లాక్కుని, కాగితం పరిచి, పెన్సిలు తీసుకున్నారు. “ముందు రోసా చిన్నమ్మ గొంతు పెట్టు నాయనా. ‘వాన’ అన్న మాట. సన్న వానకొకటి, జడివానకొకటి, రాబోయే వానకొకటి. ఆ మూడోది నాకు నోటికి రావడం లేదు.”

వాగ్నర్ వేలు మీట మీద ఆగింది.

“మాస్టారూ...”

“నొక్కవయ్యా, ఇంకా ఆలస్యం ఎందుకు?”

ఆ డిస్కును వాగ్నర్ మొదటి రోజే, అలవాటు కొద్దీ, ఏమీ అడక్కుండానే తుడిచేశాడు.