చప్పుడు చేయని ఇంజను

"దీనికి కాస్త చప్పుడు పెట్టు బాబూ," అంది ఆవిడ.

మెకానిక్ బానెట్ కింద నుంచి తల ఎత్తాడు. "అందరూ చప్పుడు తగ్గించమని వస్తారు పెద్దమ్మా. పెట్టమన్నది మీరొక్కరే."

"మొరిగే కుక్క కరవదు. మొరగని దాంతోనే నా భయం."

కూతురు నిట్టూర్చింది. ఈ పాత కారు కొని నాలుగు రోజులైంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగినప్పుడల్లా వెనక సీట్లోంచి అమ్మ ఆమె భుజం పట్టుకుంటోంది.

"అది చెడిపోయి ఆగడం కాదు," అన్నాడు మెకానిక్. "ఇది పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు, నిలబడ్డప్పుడు పెట్రోలు దండగని ఇంజను ఆగుతుంది. బ్యాటరీ తగ్గితే మళ్ళీ అదే స్టార్టవుతుంది. మెల్లగా తొక్కి, ఆగాల్సిన చోటు ముందే చూసుకుని కాలు తీసేస్తే మైలేజీ ఇంకా పెరుగుతుంది."

"మనిషి లేకపోయినా స్టార్టవుతుందా?"

"కారు ఆపే బటన్ నొక్కకుండా దిగిపోతే అవుతుంది మరి. బయటైతే ఫర్వాలేదు. మూసిన షెడ్డులోనైతే ఆ పొగకి..."

"మాకు తెలుసు," అంది కూతురు. "ఇలాంటి కారుతోనే మా అన్నయ్య అలాగే పోయాడు. నేనూ వదినా ఊళ్ళో లేము. షెడ్డు పక్క గదిలో మధ్యాహ్నం పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. చప్పుడు లేదు కదా, ఆగిపోయిందనుకుని దిగేసుంటాడు. వాడికి అన్నీ మతిమరుపే!"

"వాణ్ణేమీ అనకు," అంది ఆవిడ.

"అనక? వాడి కూతురే అంటోంది, నాన్న బటన్ మర్చిపోయాడని."

ఆ కారు అమ్మేసి షెడ్డు ఖాళీ అయి రెండేళ్ళు. ఆవిడ ఇప్పటికీ రోజుకి పదిసార్లు దాని తలుపుకి చెవి ఆనించి వింటుంది. లోపల ఏదో సన్నగా ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది.

మెకానిక్ డ్రైవర్ తలుపుకి అలారం బిగించాడు. బటన్ నొక్కకుండా తలుపు తీస్తే చెవులు చిల్లులు పడేలా మోగింది.

"ఇంకా గట్టిగా," అంది ఆవిడ.

"ఇంతకన్నా గట్టిగానా? వీధంతా లేచొస్తుంది పెద్దమ్మా!"

"రానీ."

కూతురు తాళం ఆవిడ చేతిలో పెట్టింది. "ఇక నువ్వే నడుపు. అన్నయ్య అంత ఓపిగ్గా నేర్పాడు. వాడు పోయాక స్టీరింగే ముట్టలేదు."

ఆవిడ తాళం తిరిగి ఇచ్చేసి వెనక సీట్లో కూర్చుంది.

"వాడు..." అని ఆగింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. మెల్లగా పోనీ."

కొడుకు పోయిన ఆ రోజు కారు షెడ్డులో పెట్టి దిగింది ఆవిడే.