సమాధి మీది సున్నం

“ఆ సీసా ఈడ పెట్టు సుజాతా! మీ అమ్మ సమాధి మీద యాసిడ్ పోస్తావా?”

జమ్మలమడుగు శ్మశానంలో నతానియేలు గొంతు చించుకున్నాడు. సుజాత అప్పటికే మూత తీసింది.

“ఏటేటా సున్నం మీద సున్నం కొట్టించినావు నాయనా. దాని కింద నా పేరుందో లేదో సూడాల.”

భార్య రాములమ్మ పేరు కింద ఇద్దరు బిడ్డల పేర్లనూ రాతిపై చెక్కించినవాడు ఆయనే. సుజాత వసీంను పెండ్లాడిన నాటి నుండి ఆరేండ్లుగా తండ్రీబిడ్డల నడుమ మాట లేదు. పెండ్లైన వారానికే మేస్త్రీని పిలిచి ఆమె పేరును ఉలితో చెరిపించాడని అన్న శాంసన్ నిన్న ఫోనులో చెప్పాడు. అప్పటి నుండి ఆమె కుదురుగా కూర్చోలేదు.

“చెరిపించినావా, లేదా?”

ఆయన సీసా కోసం చేయి చాచాడు. ఆమె ఆమ్లాన్ని ఒలకబోసింది. సున్నం బుసబుస పొంగి కరిగింది. నురుగు నడుమ ముందు శాంసన్ పేరు తేలింది. ఇంకొంత పోయగా, దాని పక్కన ‘సుజాత’ అన్న మూడక్షరాలు చెక్కుచెదరకుండా కనిపించాయి.

సుజాత సీసా దించింది. నురుగు మాత్రం ఆగలేదు.

సున్నం కలపడానికి తెచ్చిన బకెట్ నీళ్లను నతానియేలు రాతిపై గుమ్మరించాడు. నలభై ఏండ్లు సైన్సు చెప్పిన పంతులాయన.

“సున్నం అయిపోతే యాసిడ్ ఊరకుంటాదా మే? ఇది సున్నపురాయి, దీన్నీ తింటాది. నీ పేరు పోతాది!”

మోకాళ్లపై కూలబడి, భుజం మీది తువ్వాలుతో ఆ మూడక్షరాలనూ అద్దసాగాడు.

“మరి ఆ పొద్దు...”

“మేస్త్రీ ఉలి తెచ్చినాడు” అన్నాడాయన తలెత్తకుండా. “నేనే సున్నం సాలన్నా.”